నిండిన ఏడా? నడుస్తున్న ఏడా?

వయస్సు లెక్కకు అందే విషయమే. కాని ఆ లెక్క పెట్టే తీరు అన్ని దేశాలలోనూ ఒకటి కాదు. కొరియా దేశంలో డిసెంబరు 31వ తేదీ రాత్రి ఒక బిడ్డ పుట్టిందనుకుందాం. అక్కడి సంప్రదాయం ప్రకారం పుట్టిన క్షణాననే ఆ బిడ్డకు ఒక ఏడు. తెల్లవారి జనవరి 1 రాగానే రెండేళ్ళు. భూమి మీద పడి ఒక దినమైనా నిండని పసికందు అప్పుడే 'రెండేళ్ళ బిడ్డ' అవుతుంది.

ఈ మాట వినగానే మనకు వింతగా తోస్తుంది. కొందరికి నవ్వు కూడా వస్తుంది. అయితే ఆ లెక్కను కొంత నిదానంగా పరిశీలించినట్లయితే, మన తెలుగు ఇళ్ళలో ప్రతినిత్యం వినిపించే మాటలలోనూ అదే తికమక దాగి ఉన్నదని తెలుస్తుంది. అది కేవలం మాటల తికమక కాదు. పసిబిడ్డకు అన్నం ఎప్పుడు పెట్టాలి, మందు ఎంత ఇవ్వాలి, తేనె ఎప్పుడు నాకించాలి అన్న ప్రశ్నలన్నీ దానితో ముడిపడి ఉన్నాయి. అందుచేతనే ఆరోగ్య పత్రికలో ఈ విషయం చర్చించడం అవసరమని భావిస్తున్నాను.

కొరియా వారి లెక్క

ఈ సంప్రదాయ పద్ధతిని కొరియా భాషలో 'సెనున్ నాయి' అంటారు. 'లెక్కించే వయస్సు' అని దాని భావం. అందులో నియమాలు రెండే. పుట్టగానే ఒక ఏడు. సంవత్సరం మారినప్పుడల్లా మరొక ఏడు. పుట్టినరోజుతో నిమిత్తం లేదు. పిల్లలు మొదలు ముదుసలి వరకు దేశంలోని వారందరికీ ఒకేసారి ఒక ఏడు పెరుగుతుంది. పూర్వం చాంద్రమాన సంవత్సరాది అయిన 'సొల్లాల్' పండుగనాడు ఈ ఏడు కలిసేది. ఆధునిక కాలంలో జనవరి 1వ తేదీని లెక్కకు తీసుకొన్నారు.

సొల్లాల్ నాటి ఉదయం ప్రతి ఇంటా 'త్తొక్‌గుక్' అనే వంటకం చేస్తారు. బియ్యపు పిండితో చేసిన తెల్లని ముద్దను పలుచని బిళ్ళలుగా కోసి, తేటగా కాచిన రసంలో ఉడికిస్తారు. ఆ గిన్నెడు రసం తాగితేనే ఏడు పెరిగినట్లు లెక్క. "ఎన్ని గిన్నెల త్తొక్‌గుక్ తిన్నావు?" అని అడిగితే "నీ వయస్సెంత?" అని అడిగినట్లే. వారి భాషలో వయస్సుకు వాడే క్రియ కూడా 'తినడం'. మనకు ఏళ్ళు మీద పడతాయి. వారు ఏళ్ళను తింటారు!

ఇట్లా అన్నంత మాత్రాన వారు పుట్టినరోజును విస్మరించారని అనుకోరాదు. సముద్రపు నాచుతో చేసే 'మియొక్‌కుక్' అనే పులుసు అక్కడ బాలింతకు ముఖ్యమైన పథ్యాహారం. ఏటా పుట్టినరోజునాడు అదే పులుసు ఆ వ్యక్తికి వడ్డిస్తారు. తల్లి పడిన పురిటి శ్రమను ఏడాదికొకసారి తలచుకోవడం అందులోని భావం. బిడ్డకు నూరు రోజులు నిండినప్పుడు 'పేగిల్' అనే వేడుక, ఏడాది నిండినప్పుడు 'తోల్' అనే వేడుక చేస్తారు. తోల్ నాడు బిడ్డ ఎదుట నూలు, పుస్తకం, కలం, బియ్యం, డబ్బు మొదలైనవి ఉంచి, ఏది పట్టుకుంటుందో చూస్తారు. మనం అన్నప్రాశననాడు పుస్తకం, కలం, బంగారం ఉంచి బిడ్డను వదలడం వంటిదే అది.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. పేగిల్ గాని, తోల్ గాని పుట్టిన దినం నుండి నిండిన రోజులనే లెక్కించి చేస్తారు. పసిబిడ్డల మరణాలు అధికంగా ఉన్న రోజులలో నూరు రోజులు, ఏడాది గట్టెక్కడం గొప్ప సంగతి. కనుక బిడ్డ ప్రాణానికి సంబంధించిన చోట ఆ సంప్రదాయం కూడా కచ్చితంగా దినాలనే లెక్కపెట్టింది. సమాజంలో స్థానం తెలిపే చోట మాత్రమే సంవత్సరాది లెక్కను వాడింది. అంటే ఒకే ఇంట రెండు ఖాతాలు నడిచాయన్నమాట. ఈ రెండు ఖాతాల సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. నేను చెప్పదలచినదంతా దాని మీదనే ఆధారపడి ఉన్నది.

గర్భవాసమే కారణమా?

పుట్టిన బిడ్డకు ఒక ఏడు ఎందుకు? తల్లి కడుపులో గడిపిన కాలాన్ని కలుపుకోవడం వల్లనే అని సాధారణంగా చెబుతారు. ఈ సమాధానం వినడానికి ఎంతో మధురంగా ఉన్నది. ఆయుర్వేదం చదివినవారికి మరింత నచ్చుతుంది. గర్భస్థ శిశువు నెలనెలా ఏ విధంగా రూపుదిద్దుకొంటుందో చరక, సుశ్రుత సంహితలలోని శారీరస్థానాలు వివరిస్తాయి. నాలుగవ నెలలో శిశువు హృదయం వ్యక్తమవుతుందని, అప్పటి నుండి గర్భిణి రెండు హృదయాలు గలది కనుక ఆమెను 'దౌహృదిని' అంటారని సుశ్రుతుడు చెప్పాడు. ఉపనయనానికి మన పెద్దలు చెప్పే 'గర్భాష్టమం' కూడా గర్భం నుండి లెక్కించిన ఎనిమిదవ ఏడే. కడుపులోని కాలాన్ని ఆయుస్సులో కలపడం మనకు కొత్త కాదు.

కొరియాలోనూ గర్భస్థ శిశువు పట్ల ఇటువంటి శ్రద్ధ ఉన్నది. దానిని 'తేగ్యో' అంటారు. గర్భిణి ఆహారం, మాట, చూపు, మనస్సు బిడ్డను తీర్చిదిద్దుతాయని దాని సారాంశం. సాజూదాంగ్ అనే పేరుతో ప్రసిద్ధురాలైన యీ వంశపు విదుషీమణి ఈ విషయం మీద 1800లో 'తేగ్యో సింగి' అనే గ్రంథం రచించారు. గర్భిణీ చర్య గురించి ఒక స్త్రీ, అందునా తల్లి అయిన స్త్రీ, గ్రంథం వ్రాయడం ఆ కాలానికి అరుదైన విషయం.

అయినప్పటికీ, గర్భవాసం ఒక్కటే ఈ లెక్కకు కారణమంటే నేను పూర్తిగా అంగీకరించలేను. గర్భకాలమే కారణమైతే రెండవ ఏడు తొలి పుట్టినరోజు దరిదాపుల్లో రావాలి. డిసెంబరు 31న పుట్టిన బిడ్డకు మరునాడే రెండవ ఏడు ఎట్లా వచ్చింది? నాకు తోచిన సమాధానం ఇది. ఆ లెక్క గడిచిన కాలాన్ని కొలవడం లేదు. మనిషి ఎన్నవ సంవత్సరంలో అడుగుపెట్టాడో చెబుతున్నది. పుట్టిన సంవత్సరం అతనికి ఒకటవది. తరువాతి సంవత్సరం రెండవది. అందులో సున్నకు చోటు లేదు. ఒక ఇంట్లో మొదటి గది, రెండవ గది అని ఎంచుతాము గాని సున్నా గది అనము కదా!

ఈ లెక్క కొరియాకు మాత్రమే పరిమితం కూడా కాదు. చైనా, జపాను, వియత్నాం దేశాలలోనూ ఇటువంటి పద్ధతులు ఉండేవి. జపాను 1902లోనే పుట్టినతేదీ నుండి వయస్సు లెక్కించే చట్టం చేసింది. ప్రజల నాలుక మీద పాత లెక్క పోకపోవడంతో 1950లో మరొక చట్టం అమలుపరచవలసి వచ్చింది. చట్టం మారినంత త్వరగా అలవాటు మారదనడానికి ఇది నిదర్శనం.

ఒకే దేశం – మూడు వయస్సులు

దక్షిణ కొరియాలో ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధం నుండి ఒకే మనిషికి మూడు వయస్సులు ఉంటూ వచ్చాయి. మొదటిది పైన చెప్పిన సంప్రదాయపు వయస్సు. రెండవది 'మాన్ నాయి'. అంటే పుట్టినరోజుతో నిండే వయస్సు. పౌర వ్యవహారాలకు చట్టరీత్యా 1962 నుండి ఇదే ప్రమాణం. మూడవది 'యోన్ నాయి'. నడుస్తున్న సంవత్సరంలో నుండి పుట్టిన సంవత్సరం తీసివేస్తే వచ్చే అంకె. సైన్యంలో చేరికకు, మద్యం, పొగాకు అమ్మకాల నియంత్రణకు దీనిని వాడుతున్నారు.

ఉదాహరణకు 2000 సంవత్సరం డిసెంబరులో పుట్టిన యువకుని తీసుకొందాం. 2023 మార్చిలో అతని వయస్సెంత? నిండిన ఏళ్ళు 22. సంవత్సరాల తీసివేత ప్రకారం 23. సంప్రదాయం ప్రకారం 24. మూడు సమాధానాలూ నిజమే! అయితే బీమా పత్రం మీద ఏది వ్రాయాలి? ఉద్యోగ ఒప్పందంలోని అంకెకు అర్థమేమి? జీతం తగ్గింపు 56వ ఏట మొదలవుతుందని వ్రాసుకొన్న ఒక కార్మిక ఒప్పందంలోని '56' ఏ లెక్క ప్రకారమో తేల్చడానికి 2022లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానమే తీర్పు చెప్పవలసి వచ్చింది. నిండిన ఏళ్ళు 55 అని అర్థం చేసుకోవాలని ఆ తీర్పు.

వైద్య, సంక్షేమ, పరిపాలనా సేవలలో కలుగుతున్న ఈ అయోమయాన్ని తొలగించడానికి 2022 డిసెంబరులో అక్కడి జాతీయ సభ చట్ట సవరణలు ఆమోదించింది. అవి 2023 జూన్ 28 నుండి అమలులోకి వచ్చాయి. ప్రత్యేకంగా వేరే చెప్పని చోటనెల్ల వయస్సంటే నిండిన వయస్సే అని స్థిరపడింది. ఆనాడు కొరియావారందరూ కాగితం మీద ఒకటి రెండేళ్ళు చిన్నవారయ్యారని పత్రికలు చమత్కరించాయి. అయినా సైన్యం, మద్యం, పొగాకు విషయాలలో సంవత్సరాల తీసివేత పద్ధతిని ఆ చట్టం తరువాతను కొనసాగించారు. ఒకే తరగతి పిల్లలు ఒకేసారి వయస్కులు కావడం అక్కడి అధికారులకు సౌకర్యం.

ఇంటిలో, వీధిలో పాత లెక్క పూర్తిగా పోలేదు. పోవడం సులభం కూడా కాదు. వారి భాషలో క్రియారూపం మొదలు సంబోధన వరకు ఎదుటివారి వయస్సును బట్టి మారుతుంది. పెద్దవాడైతే మగవాడు 'హ్యోంగ్' అని, స్త్రీ 'ఒప్పా' అని పిలుస్తారు. పెద్దదైన స్త్రీని మగవాడు 'నూనా' అని, స్త్రీ 'ఒన్ని' అని పిలుస్తారు. సమవయస్కుడైతే 'తొంగ్గాప్'. అతనితోనే నిస్సంకోచంగా మాట్లాడవచ్చు. బస్సులో పక్కన కూర్చున్న వారిని అన్నా, అక్కా, పెద్దమ్మా అని పిలిచే మనకు ఈ పద్ధతి అర్థం కాకపోదు. అందువల్ల కొత్త పరిచయం కాగానే వారు వయస్సు అడగడం అనాగరికం కాదు. ఎట్లా గౌరవించాలో తెలుసుకోవడానికే ఆ ప్రశ్న.

మన ఇళ్ళలోనూ అదే చిక్కు

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. తెలుగులో వయస్సు చెప్పడానికి రెండు రీతులు ఉన్నాయి. "పిల్లవాడికి ఏడేళ్ళు నిండాయి" అంటాం. "ఎనిమిదో ఏడు నడుస్తున్నది" అని కూడా అంటాం. రెండూ ఒకే పిల్లవాని గురించి, ఒకేనాడు చెప్పిన మాటలు కావచ్చు. మొదటిది నిండిన లెక్క. రెండవది అడుగుపెట్టిన లెక్క, అంటే కొరియా లెక్కకు సోదరి. ఎనిమిదో ఏడు నడుస్తున్న పిల్లవానిని ఎనిమిదేళ్ళవాడని చెప్పినా పెద్ద ప్రమాదం లేదు. కాని ఇదే పొరపాటు నెలల పసిబిడ్డ విషయంలో జరిగితే సంగతి వేరు. ఎనిమిదేళ్ళలో ఏడాది ఎనిమిదవ వంతు. నాలుగు నెలల బిడ్డకు ఒక నెల అంటే దాని జీవితంలో నాలుగవ వంతు!

అన్నప్రాశన ముహూర్తాన్నే తీసుకోండి. మగబిడ్డకు సరి నెలలలో, ఆడబిడ్డకు బేసి నెలలలో చేయడం మన వైపు ఆచారం. మగబిడ్డకు ఆరో నెల, ఆడబిడ్డకు ఐదో నెల అని పెద్దలు నిర్ణయిస్తారు. ఆరో నెల అంటే ఐదు నెలలు నిండి ఆరవది నడుస్తున్న సమయం. ఐదో నెల అంటే నిండినవి నాలుగే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ఆరు నెలలు నిండేవరకు, అంటే సుమారు 180 రోజులు, తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా పోయవద్దని చెబుతున్నది. మాట వినడానికి 'ఆరు నెలలు' అన్నది ఉభయత్రా ఒకటే. లెక్కలో నెల, రెండు నెలలు తేడా. ఆ తేడాలో బిడ్డకు తల్లిపాలు తగ్గుతాయి, విరేచనాల వంటి రోగాలకు దారి ఏర్పడుతుంది.

దీనికి ఆచారాన్ని విడనాడవలసిన పని లేదు. ఆడబిడ్డకు ఏడో నెలలో ముహూర్తం పెట్టుకొంటే బేసి నెల అన్న నియమమూ నిలుస్తుంది, ఆరు నెలలూ నిండుతాయి. మగబిడ్డకు ఎనిమిదో నెల వరకు ఆహారం ఆపడం మాత్రం తగదు. ఆరు నెలలు నిండిన వెంటనే మెత్తని అన్నం, పప్పుకట్టు మొదలుపెట్టి, వేడుకను ఎనిమిదో నెలలో జరుపుకోవచ్చు. పంచాంగం వేడుకకు, దినాల లెక్క బిడ్డ కడుపుకు. కొరియావారి రెండు ఖాతాలు గుర్తున్నాయి కదా!

టీకాల విషయమూ అంతే. తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు మన దేశంలో తొమ్మిది నెలలు నిండిన తరువాత వేస్తారు. తొమ్మిదో నెల రాగానే కాదు. తల్లి శరీరం నుండి బిడ్డకు వచ్చిన రక్షక పదార్థాలు అంతవరకు రక్తంలో మిగిలి ఉండి, టీకాను సరిగా పనిచేయనీయకపోవచ్చు. అందుకే 'నిండిన' అన్న మాటకు అంత పట్టింపు.

మందు మోతాదులో వయస్సు

మన ప్రాచీన వైద్యులు వయస్సును ఎంత జాగ్రత్తగా విభజించారో చూడండి. సుశ్రుతుడు పదహారేళ్ళ లోపువారిని బాలురుగా పేర్కొని, వారిని మూడు తరగతులు చేశాడు. ఏడాది వరకు పాలు మాత్రమే తాగేవారు 'క్షీరపులు'. రెండేళ్ళ వరకు పాలు, అన్నం రెండూ తీసుకొనేవారు 'క్షీరాన్నాదులు'. ఆపైన 'అన్నాదులు'. ఇక్కడ అంకె కంటే బిడ్డ ఏమి జీర్ణించుకోగలదన్నదే ప్రధానం. శార్ఙ్గధరుడు నెల బిడ్డకు ఒక గురిగింజ ఎత్తు మందుతో ప్రారంభించి, ఏడాది వరకు నెలకొక గురిగింజ ఎత్తు చొప్పున పెంచమన్నాడు. ఒక్క నెల తేడాకే మోతాదు మారింది. ఇంట్లో ఆచరించడానికి కాదు నేను ఈ లెక్క చెప్పినది. పసివారి విషయంలో శాస్త్రం ఎంత సూక్ష్మంగా ఆలోచించిందో తెలియడానికి చెప్పాను. నేటి పిల్లల వైద్యులు మరింత ముందుకు వెళ్ళి, వయస్సుతోపాటు బిడ్డ బరువును తూచి, కిలోకు ఇంత అని మందు నిర్ణయిస్తున్నారు.

ఇటువంటి చోట 'ఏడాది బిడ్డ' అన్న మాట ఎంత ప్రమాదకరం కాగలదో ఊహించండి. కొరియా పాత లెక్క ప్రకారం నిన్న పుట్టినదీ ఏడాది బిడ్డే. మన మాటల ప్రకారం పదకొండు నెలల బిడ్డను కూడా "ఏడాది పిల్ల" అనేస్తాం. తేనె సంగతే చూడండి. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం, వస కొమ్మును తేనెతో అరగదీసి నాకించడం మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నది. తేనెలో ఒక విధమైన సూక్ష్మజీవి బీజాలు ఉండే అవకాశమున్నదని, ఏడాది లోపు బిడ్డ ప్రేగులలో అవి మొలకెత్తి విషాన్ని పుట్టించి కండరాలను చచ్చుబడేటట్లు చేయగలవని ఆధునిక వైద్యం రుజువు చేసింది. కాచినంత మాత్రాన ఆ బీజాలు నశించవు. కనుక పన్నెండు నెలలు సంపూర్ణంగా నిండేవరకు తేనె ఏ రూపంలోనూ ఇవ్వరాదు. ఆయుర్వేదాన్ని గౌరవించే వ్యక్తిగానే ఈ మాట చెబుతున్నాను. దేశకాలాలను, శరీర బలాన్ని పరిశీలించి ఔషధం వాడమన్నది ఆయుర్వేదమే కదా.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల విషయంలో ఆధునిక వైద్యం కూడా రెండు వయస్సులు లెక్కిస్తున్నదంటే కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. గర్భకాలం చివరి బహిష్టు మొదటి రోజు నుండి 40 వారాలు, అంటే 280 రోజులు. ఒక బిడ్డ 32 వారాలకే పుట్టిందనుకొందాం. ఎనిమిది వారాలు ముందుగా వచ్చింది. పుట్టి ఆరు నెలలైనప్పుడు ఆ బిడ్డ మెడ నిలపడం, బోర్లా పడడం మొదలైనవి పరిశీలించేటప్పుడు వైద్యులు ఆ ఎనిమిది వారాలు తీసివేసి, సుమారు నాలుగు నెలల బిడ్డగా చూస్తారు. సుమారు రెండేళ్ళ వరకు ఈ సవరణ చేస్తారు. అదే బిడ్డకు టీకాలు మాత్రం సాధారణంగా పుట్టిన దినం నుండే లెక్కిస్తారు. "ఎదురింటి బిడ్డ కూర్చుంటున్నది, మా బిడ్డ ఇంకా కూర్చోలేదు" అని బెంగపడే తల్లులు ఈ సంగతి గ్రహించాలి. గర్భంలోని కాలానికి విలువ ఇవ్వడంలో కొరియా నమ్మకం పూర్తిగా అబద్ధం కాదన్నమాట. ఎక్కడ కలపాలో, ఎక్కడ తీయాలో తెలియడమే ముఖ్యం.

పెద్దల విషయంలో చిక్కు మరొక రకం. మన ఇళ్ళలో వృద్ధులకు తరచుగా రెండు వయస్సులుంటాయి. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వ్రాసుకొన్నది ఒకటి, అసలుది మరొకటి. నా దగ్గరకు వచ్చే పెద్దలలో కొందరు "రికార్డు ప్రకారమా? అసలుదా?" అని ఎదురు ప్రశ్న వేస్తుంటారు. పింఛను కాగితానికి రికార్డు వయస్సు సరిపోవచ్చు. మూత్రపిండాలకు ఆ కాగితంతో పని లేదు. వయస్సు పెరిగేకొద్దీ మందును శరీరం నుండి పంపివేసే శక్తి తగ్గుతుంది. రక్తపోటు, మధుమేహం, నిద్ర మందుల మోతాదు నిర్ణయించడానికి వైద్యునికి అసలు వయస్సు కావాలి. తుఫాను ఏటనో, కరువు ఏటనో పుట్టానని తెలిసినా చాలు, దానిని బట్టి సుమారుగా లెక్క కట్టవచ్చు.

పాత లెక్కలో పారవేయరానిది

ఇంత చెప్పిన మీదట కొరియావారి పాత లెక్కను మూఢాచారమని తీసిపారవేయాలా? నేను అట్లా అనను. ఆ లెక్కలో రెండు సద్భావాలు ఉన్నాయి. మనిషి ఆయుస్సు ప్రసవ దినంతోనే ఆరంభం కాలేదన్నది మొదటిది. ఈ భావం అంకెలలో అక్కర లేదు, ఆచరణలో కావాలి. గర్భిణికి తగిన తిండి, విశ్రాంతి, మనశ్శాంతి, క్రమం తప్పని పరీక్షలు ఇచ్చిన ఇల్లు బిడ్డకు ఆ మొదటి ఏడును నిజంగా ఇచ్చినట్లే. పుట్టిన తరువాత వెండి గ్లాసులు, బంగారు మొలతాళ్ళు తెచ్చి, కడుపుతో ఉన్నప్పుడు ఆమె రక్తహీనతను పట్టించుకోని ఇంటిలో ఏ లెక్క ప్రకారం చూసినా బిడ్డ వయస్సు ఒక ఏడు తక్కువే.

ఏడు ఒంటరిగా పెరగదన్నది రెండవ భావం. పండుగనాడు ఇంటిల్లిపాదీ కలిసి ఒకే రసం తాగి, అందరూ ఒకేసారి పెద్దవారు కావడంలో ముసలితనపు భయం కొంత తగ్గుతుంది. అరవయ్యేళ్ళ ఆవృత్తి విషయంలో వారికీ మనకూ ఉన్న పోలిక చూడండి. కొరియాలోనూ సంవత్సరాలకు అరవై పేర్లు ఉన్నాయి. 1964కు 'గాప్‌జిన్' అని పేరు. అరవయ్యేళ్ళు తిరిగి 2024లో అదే పేరు మళ్ళీ వచ్చింది. ఆ సందర్భాన జరిపే వేడుక 'హ్వాన్‌గాప్'. మన పంచాంగంలో 1964 ఉగాదితో వచ్చినది క్రోధి నామ సంవత్సరం. 2024 ఉగాదికి తిరిగి క్రోధి వచ్చింది. ఆ ఏట పుట్టినవారికి మనం షష్టిపూర్తి చేశాము. కొరియా పాత లెక్క ప్రకారం ఆ మనిషికి 61. మన లెక్క ప్రకారం 60 నిండాయి. అంకెలు వేరైనా మనిషి ఒక చుట్టు పూర్తి చేశాడన్న సంతోషం ఒకటే. అక్కడ ఆయుర్దాయం 80 ఏళ్ళు దాటిన ఈ రోజులలో హ్వాన్‌గాప్ వైభవం తగ్గి, డెబ్బయ్యవ ఏటి వేడుకకు ప్రాధాన్యం పెరిగింది. అది మంచి లక్షణమే.

ముదిమిని ఎప్పటి నుండి లెక్కించాలన్న విషయంలో మన ఆచార్యులలోనే ఏకాభిప్రాయం లేదు. చరకుడు అరవై వరకు మధ్య వయస్సు అన్నాడు. సుశ్రుతుడు డెబ్బయి వరకు అన్నాడు. ఒకే అంకె అందరి శరీరాలకూ వర్తించదని దీనిని బట్టి గ్రహించవచ్చు. అరవై నిండగానే మంచమెక్కవలసిన అవసరమూ లేదు. అరవై నిండలేదు కదా అని ఆయాసాన్ని నిర్లక్ష్యం చేయనూరాదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. దక్షిణ కొరియా 2023లో చేసిన పని మంచిది. మందుకు, చట్టానికి, ఒప్పందానికి ఒకే వయస్సు ఉండాలి, అది నిండిన వయస్సే కావాలి. మన ఇళ్ళకు అటువంటి చట్టం అవసరం లేదు, ఒక అలవాటు చాలు. వైద్యుని ఎదుట బిడ్డ వయస్సు చెప్పేటప్పుడు 'ఆరో నెల' అనకండి. 'ఐదు నెలల పది రోజులు నిండాయి' అని చెప్పండి. రెండేళ్ళు దాటేవరకు నెలలలోనే చెప్పండి. బిడ్డ పుట్టిన తేదీ, పుట్టినప్పటి బరువు, ఎన్ని వారాలకు పుట్టినదీ టీకాల కార్డు మీద వ్రాసి ఉంచండి. మందు సీసా మీద వయస్సు కనబడితే అది నిండిన వయస్సని గ్రహించండి. అనుమానం ఉన్నప్పుడు సొంతంగా ఇవ్వకుండా వైద్యుని సలహా తీసుకోండి.

నడుస్తున్న ఏడును మాత్రం విడిచిపెట్టనక్కర లేదు. అది ఆశీర్వాదానికి, సంబోధనకు, పండుగకు చెందిన లెక్క. తాతగారికి ఎనభయ్యో పడి వచ్చిందని గర్వంగా చెప్పుకొందాం. ఆయన రాత్రి వేసుకొనే మాత్ర దగ్గర మాత్రం ఆయనకు నిజంగా ఎన్నేళ్ళు నిండాయో తెలుసుకొని మరీ ఇద్దాం.